నోబాల్: నియమభంగమూ, అన్యాయమూ

ఒక పనిని తప్పు అన్నప్పుడు ఆ ఒక్క మాటలో రెండు అభియోగాలు ఇమిడి వుంటాయి. ఆ పని ఏదో ఒక నియమానికి విరుద్ధంగా వున్నదనేది మొదటిది. ఆ పని వల్ల ఎవరికో అన్యాయం జరిగిందనేది రెండవది. ఇవి వేరు వేరు విషయాలు. అయినా వీటిని ఒకటిగా భావించడం మనకు చిన్ననాటి నుంచీ అలవాటవుతుంది. బడిలో వరస తప్పి నిలబడ్డ పిల్లవాడూ, పక్కవాడి పలక దొంగిలించిన పిల్లవాడూ ఒకే బెత్తంతో దెబ్బలు తింటారు. పెద్దయిన తర్వాత బెత్తం మారుతుంది గాని అలవాటు మారదు. నియమాలు చేసే స్థానంలో వున్నవారికి ఈ అలవాటు ఎంతో లాభసాటి అయినది. తమ నియమం తప్పినవాణ్ణి శిక్షించడమే గాక, వాడు దుర్మార్గుడని లోకం చేత అనిపించడానికి కూడా ఇది పనికివస్తుంది.

నియమభంగమంతా అన్యాయమేనా? నియమబద్ధమైనదంతా న్యాయమేనా? ఈ ప్రశ్నలను ధర్మశాస్త్రాలు ముందు పెట్టుకునీ చర్చించవచ్చు, న్యాయస్థానాల తీర్పులు ముందు పెట్టుకునీ చర్చించవచ్చు. ఇక్కడ మాత్రం క్రికెట్ ఆటలోని ఒక చిన్న మాటను ఆధారం చేసుకోదలిచాను. ఆ మాట నోబాల్. విమర్శ వ్యాసాల మధ్య ఆటల ప్రస్తావన ఏమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. ట్రినిడాడ్‌లో పుట్టిన మార్క్సిస్టు సి.ఎల్.ఆర్. జేమ్స్ 1963లో క్రికెట్ మీద ఒక గ్రంథమే వెలువరించాడు. వలస సమాజంలోని జాతి, వర్గ సంబంధాలను ఆయన ఆ ఆట ద్వారా పరిశీలించాడు. ఆటస్థలం చుట్టూ గీసిన గీత దగ్గర సమాజం ఆగిపోదు. లోపల కూడా అదే సమాజం వుంటుంది. తేడా ఏమిటంటే, అక్కడ నియమాలు రాతపూర్వకంగా వుంటాయి, తీర్పు అందరి కళ్లయెదుటా జరుగుతుంది. అంచేత నియమానికీ న్యాయానికీ గల సంబంధాన్ని పరిశీలించడానికి ఆటకన్న అనువైన చోటు దొరకడం కష్టం.

ముందు మాట సంగతి చూద్దాం. నోబాల్ అంటే బంతి కాని బంతి. బౌలరు చేతిలోంచి బంతి వెళ్లింది, నేలమీద పడింది, బ్యాట్స్‌మన్ దాన్ని కొట్టాడు. ఇంత జరిగాక అంపైరు చెయ్యి చాచి అసలు బంతే పడలేదంటాడు. కాని పడని బంతికి ఫలితాలు మాత్రం వుంటాయి. ఎదుటి పక్షానికి ఒక పరుగు అదనంగా చేరుతుంది. కొట్టిన పరుగులు చెల్లుతాయి. బ్యాట్స్‌మన్ బౌల్డు కాడు, క్యాచ్ అవుటు కాడు. రనౌటు మాత్రం కావచ్చు. బౌలరు మళ్లీ బంతి వెయ్యాలి. మన తార్కికులు అభావాన్ని కూడా ఒక పదార్థంగా లెక్కించారు. లేమి కూడా లోకంలో లెక్కకు వచ్చేదేనని వాళ్ల వాదం. నోబాల్ అలాంటి అభావమే. జరిగిన శ్రమను జరగలేదని ప్రకటించి, దాని నష్టాన్ని మాత్రం శ్రమించినవాడి ఖాతాలో రాయడం దీని తత్వం.

ఈ నోబాల్‌లో అనేక రకాలున్నా ప్రధానమైనవి రెండు. ఒకటి కాలి తప్పు, రెండవది చేతి తప్పు. బౌలరు పాదం క్రీజు గీత దాటి పడితే అది కాలి తప్పు. చెయ్యి భుజం మట్టానికి వచ్చినప్పటి నుంచి బంతి వదిలేవరకు మోచెయ్యి వంపును చాచితే అది చేతి తప్పు. అప్పుడు వాడు బంతిని వెయ్యలేదు, రాయి విసిరినట్టు విసిరాడని అర్థం. దీనికి ఆటగాళ్ల వాడుకలో చకింగ్ అని పేరు. ఈ రెండు తప్పులకూ అంపైరు చేసే సైగ ఒకటే, స్కోరు పుస్తకంలో పడే పరుగు ఒకటే. అయినా గీత దాటిన బౌలర్ని ఎవరూ నీతిమాలినవాడని అనరు. అజాగ్రత్త అంటారు, అంతే. మోచెయ్యి వంచినవాడికి మాత్రం మోసగాడన్న ముద్ర పడుతుంది. కాలి తప్పు ఆ బంతితో సరి. చేతి తప్పు మనిషిని బతికినంతకాలం వెంటాడుతుంది. ఒకే శిక్ష గల రెండు తప్పుల్లో ఒకటి పొరపాటుగానూ, మరొకటి శీలదోషంగానూ ఎందుకు పరిణమించాయి? దీనికి సమాధానం చరిత్రలో వెతకాలి.

ఇంగ్లండులో క్రికెట్ నియమాలను 1744లో మొదటిసారిగా లిఖించారు. బౌలరు వెనుక పాదం గీత దాటితే అంపైరు నోబాల్ అనాలని అందులోనే వుంది. చేతిని గురించి పేచీ అప్పటికింకా లేదు. ఆనాడు బంతిని కిందిచేత్తో, నడుముకు దిగువ నుంచి వేసేవారు. మరో విధంగా వెయ్యవచ్చునన్న ఊహ రానంత కాలం దాన్ని నిషేధించవలసిన అవసరం కూడా రాదు. నిషేధం ఎప్పుడూ ఊహ తర్వాతే పుడుతుంది. ఆ శతాబ్దం చివర హాంబుల్డన్ క్లబ్బు ఆటగాడు టామ్ వాకర్ చేతిని కాస్త పైకెత్తి వెయ్యడానికి ప్రయత్నిస్తే అది అక్రమమన్నారు. 1787లో ఏర్పడిన మెరిల్బోన్ క్రికెట్ క్లబ్బు, అనగా లండనులోని శ్రీమంతుల సొంత క్లబ్బు, ఆట నియమాలకు అధిపతి అయింది. చెయ్యి మోచేతికన్న పైకి లేవరాదని 1816లో శాసించింది.

1822 జూలై 15న లార్డ్స్ మైదానంలో కెంట్ పక్షపు జాన్ విల్స్ చేతిని పక్కకు చాచి బంతి వేశాడు. అంపైరు నోబాల్ అన్నాడు. విల్స్ బంతిని కిందపడేసి, గుర్రమెక్కి వెళ్లిపోయి, పెద్ద ఆటల్లో మళ్లీ కనిపించలేదని చెబుతారు. ఈ పద్ధతిని ఆయన తన చెల్లెలి దగ్గర నేర్చుకున్నాడని ఒక కథ వుంది. గుండ్రని వెడల్పాటి గౌను అడ్డురావడం వల్ల ఆమె కిందిచేత్తో వెయ్యలేక చెయ్యి పక్కకు చాచి వేసేదట. ఈ కథలో నిజమెంతో గాని, అందులో ఒక సత్యం దాగివుంది. నియమం ఎప్పుడూ ఒకానొక శరీరాన్ని మనసులో పెట్టుకుని తయారవుతుంది. ఆ శరీరం కానివాళ్లు ఆటలోకి వచ్చినప్పుడు తప్పు పుడుతుంది.

అయిదేళ్ల తర్వాత, 1827లో, ఈ కొత్త పద్ధతిని పరీక్షించడానికి సస్సెక్స్‌కూ ఇంగ్లండుకూ మూడు పోటీలు జరిపారు. సస్సెక్స్ తరఫున విలియం లిల్లీవైట్, జేమ్స్ బ్రాడ్‌బ్రిడ్జ్ అనే ఇద్దరు వృత్తి బౌలర్లు చెయ్యి చాచి వేసి మొదటి రెండు పోటీలూ గెలిపించారు. సస్సెక్స్ బౌలర్లు విసరడం మానుకుంటే తప్ప మూడవ పోటీ ఆడబోమని ఇంగ్లండు ఆటగాళ్లు భీష్మించి, చివరికి మెత్తబడ్డారు. ఇక్కడ మనం తొందరపడకూడదు. కొత్తపద్ధతిని వ్యతిరేకించినవాళ్లందరూ దొరలనీ, కోరినవాళ్లందరూ శ్రామికులనీ అనడానికి వీలులేదు. వ్యతిరేకించినవారిలో వృత్తి ఆటగాళ్లున్నారు. సమర్థిస్తూ గట్టిగా వాదించిన నైట్ అనే ఆయన జెంటిల్మన్ వర్గం వాడు. చరిత్ర మన సూత్రాలకు సరిపడేటట్టు రెండు వరుసల్లో నిలబడి వుండదు. అయినా దాని మొగ్గు ఎటో స్పష్టంగానే తెలుస్తుంది. 1828లో చెయ్యి మోచేతి మట్టానికీ, 1835లో భుజం మట్టానికీ రావచ్చునని క్లబ్బు ఒప్పుకున్నది. పదమూడేళ్ల క్రితం విల్స్‌ను వెళ్లగొట్టిన పని శాస్త్రసమ్మతమైంది.

కథ అక్కడితో ఆగలేదు. 1862 ఆగస్టు 26న ఓవల్ మైదానంలో ఇంగ్లండు పక్షాన ఆడుతున్న కెంట్ వృత్తి బౌలరు ఎడ్గర్ విల్షర్ చేతిని భుజం పైకి ఎత్తి బంతి వేశాడు. అంపైరు వరసగా ఆరుసార్లు నోబాల్ అన్నాడు. ఆ అంపైరు పేరు జాన్ లిల్లీవైట్. 1827లో ఆనాటి నియమాన్ని ధిక్కరించి గెలిచిన విలియం లిల్లీవైట్ కొడుకు ఆయనే. తండ్రి తిరుగుబాటు కొడుకు చేతిలో నియమపుస్తకమైంది. ఒక తరం సాహసం తర్వాతి తరానికి ఛాందసం కావడానికి ముప్ఫై అయిదేళ్లు చాలినవి. విల్షర్ మైదానం వదిలి వెళ్లిపోయాడు. అతని వెంట జట్టులోని వృత్తి ఆటగాళ్లందరూ నడిచారు. ఇద్దరు అమెచ్యూర్లు మాత్రం మైదానంలోనే నిలబడిపోయారు. మర్నాడు అంపైర్ని మార్చి ఆట సాగించారు. రెండేళ్లలోపే, 1864 జూన్‌లో, భుజం పైనుంచి వెయ్యడాన్ని క్లబ్బు అంగీకరించింది. ఈనాడు ప్రపంచమంతటా కనిపించే బౌలింగ్ అదే.

ఆ మైదానంలో ఎవరు నడిచారు, ఎవరు నిలబడ్డారు అన్నది యాదృచ్ఛికం కాదు. ఇంగ్లండు క్రికెట్‌లో డబ్బు తీసుకోకుండా ఆడేవారు జెంటిల్మెన్, కూలి తీసుకుని ఆడేవారు ప్లేయర్స్. వాళ్లు దుస్తులు మార్చుకునే గదులు వేరు. మైదానంలోకి వచ్చే గుమ్మాలు వేరు. స్కోరు పత్రం మీద పేరు రాసే తీరు కూడా వేరు. ఈ విభజన 1962 చివరిదాకా నిలిచింది. బ్యాటింగ్ దర్జా అయిన విద్య, బౌలింగ్ వొళ్లు వంచే పని. ఎండలో పరుగెత్తి రోజంతా బంతులు వెయ్యడం ఎక్కువగా వృత్తి ఆటగాళ్ల పాలబడేది. మన దేశంలోనూ ఇదే జరిగింది. పుణే నగరంలో తెల్లదొరల జింఖానాలో నెట్స్ దగ్గర గంటల తరబడి బంతులు వేసిన దళితుడు పాల్వంకర్ బాలూకు అక్కడ బ్యాటు పట్టే అవకాశం దొరకలేదని చరిత్రకారులు రాశారు. 1911లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టులో నూరుకు పైగా వికెట్లు తీసిన బౌలరు ఆయన. ఇటువంటి వ్యవస్థలో బౌలరు చెయ్యి ఎంత ఎత్తుకు లేవవచ్చునన్నది వట్టి సాంకేతిక విషయంగా వుండడం సాధ్యం కాదు. పనివాడు తన పనిముట్టును తానే మెరుగుపరుచుకుంటే, యజమాని దృష్టిలో అది ముందు అవిధేయతగా కనిపిస్తుంది, తర్వాత ఎప్పుడో నైపుణ్యంగా కనిపిస్తుంది.

ఆటకు వెలుపల కూడా అదే కాలంలో అదే కథ నడిచింది. విల్స్ నోబాల్ వేసిన 1822లో ఇంగ్లండు కార్మికులు కూలి పెంపు కోసం సంఘంగా ఏర్పడడం చట్టరీత్యా నేరం. 1824లో ఆ నిషేధ చట్టాలు రద్దయ్యాయి. 1871లో ట్రేడ్ యూనియన్లకు చట్టబద్ధత వచ్చింది. మద్రాసులో 1918లో ఏర్పడిన కార్మిక సంఘం మీద బిన్నీ కంపెనీ హైకోర్టుకు వెళ్లి ఆంక్షలు తెచ్చుకున్నది. సంఘం పెట్టినందుకు నాయకులు నష్టపరిహారం చెల్లించవలసిన పరిస్థితి వచ్చింది. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం తర్వాత అదే పని హక్కు అయింది. సాహిత్య విద్యార్థులకు ఈ దృశ్యం మరింత పరిచితం. గ్రామ్యం అన్న ఒక్క మాటతో మాట్లాడే జనం భాషనంతా పండితులు కావ్యసీమకు వెలుపల నిలబెట్టారు. వ్యాకరణం తప్పన్న మాటతో మొదలయ్యే వాళ్ల వాదం మర్యాద తెలియదన్న మాటతో ముగిసేది. గిడుగు రామమూర్తి పంతులు ఏ భాష కోసం పోరాడాడో ఆ భాషలోనే ఈ వ్యాసం రాస్తున్నాను. నియమభంగం శీలదోషంగా మారే ప్రక్రియ ఎక్కడైనా ఒకటే.

అయితే ఇక్కడొక అభ్యంతరం వస్తుంది. అది తేలిగ్గా తోసివేయదగింది కాదు. నియమాలన్నీ కాలంతోపాటు మారేవే, అవన్నీ బలవంతుల సృష్టే అయితే, ఏ నియమాన్నయినా ఎవరైనా ఎందుకు పాటించాలి? ప్రతి నోబాలూ రేపటి న్యాయమేనా? కాదు. నియమం పుట్టుకలో వర్గస్వభావం వుండవచ్చు. అంతమాత్రాన దాని ప్రయోజనమంతా వర్గప్రయోజనమే కానక్కరలేదు. బ్యాట్స్‌మన్ ఇరవైరెండు గజాల దూరంలో నిలబడి వుంటాడు. వేగంగా వచ్చే బంతిని చూసి కదలడానికి అతనికి క్షణంలో సగం కాలం కూడా వుండదు. ఆ కొద్ది వ్యవధిలో బౌలరు చేతి కదలిక ఒక్కటే అతనికి ఆధారం. మోచేతి విసురుతో ఆ ఆధారాన్ని దొంగిలిస్తే ప్రాణాపాయం కలగవచ్చు. 1962 మార్చిలో బార్బడోస్‌లో వెస్టిండీస్ బౌలరు చార్లీ గ్రిఫిత్ బంతి తగిలి భారత కెప్టెను నారీ కాంట్రాక్టరు పుర్రె చిట్లింది. ఆయన బతికాడు గాని మళ్లీ టెస్టు ఆడలేదు. ఆయనకు తగిలిన బంతి అక్రమమైనదని ఎవరూ తీర్పు చెప్పలేదు. కాని అదే ఆటలో తర్వాత గ్రిఫిత్ వేసిన ఒక బంతిని అంపైరు విసిరినదని ప్రకటించాడు. ఆ మైదానంలో నియమం ఎందుకు అవసరమో ఎవరికీ వివరించనక్కరలేదు. మనిషి శరీరాన్ని కాపాడే నియమం, ఎవరు రాసినా, మనదే.

కనుక నియమం వుండాలా వద్దా అన్నది మన ప్రశ్న కాదు. నియమం వున్న తర్వాత తీర్పు చెప్పే కన్ను ఎవరిది, ఆ కన్ను ఎవరి మీద పడుతుంది అన్నది ప్రశ్న. కాలి తప్పుకు నేలమీద సున్నపు గీత వుంది. చేతి తప్పుకు గాలిలో గీత లేదు. రెప్పపాటులో జరిగిపోయే మోచేతి కదలికను మామూలు కంటితో చూసి అంపైరు తీర్పు చెప్పాలి. కొలత లేనిచోట అనుమానమే సాక్ష్యమవుతుంది. ఆ అనుమానం సమాజంలో అప్పటికే తయారై వుంటుంది.

ఆస్ట్రేలియా ఆదిమజాతికి చెందిన జాక్ మార్ష్ న్యూ సౌత్ వేల్స్ తరఫున ఆడిన గొప్ప ఫాస్ట్ బౌలరు. 1900లో అతని చెయ్యి వంగుతున్నదని అభియోగం వచ్చింది. వంగడం లేదని రుజువు చేసుకోవడానికి అతడు చేతికి బద్దలు కట్టించుకుని బంతులు వేసి చూపించాడు. 1901లో అంపైరు క్రాకెట్ అతని బంతులను ఒకే ఆటలో పదే పదే నోబాల్ అన్నాడు. ఆరంటే ఆరు పెద్ద పోటీలతో అతని ఆట ముగిసింది. 1916లో ఒక చిన్న పట్టణంలో అతన్ని కొట్టి చంపారు. నిందితులిద్దరూ నిర్దోషులుగా విడుదలయ్యారు. క్వీన్స్‌లాండ్‌కు చెందిన మరొక ఆదిమజాతి బౌలరు ఎడ్డీ గిల్బర్ట్ 1931 నవంబరులో బ్రాడ్‌మన్‌ను సున్నాకే అవుట్ చేశాడు. మరుసటి నెలలో మెల్బోర్న్‌లో అతని బంతులు చేతి తప్పులయ్యాయి. గిల్బర్ట్ తన ఆదిమజాతి శిబిరం దాటి ఆటకు పోవాలంటే ప్రభుత్వాధికారుల అనుమతి పత్రం కావాలి. గీత దాటకుండా బతకవలసినవాడు గీత వెనకనుంచి వేసిన బంతి కూడా అక్రమమైంది.

ఈ నింద తెల్లవాళ్లకు రాలేదా అంటే వచ్చింది. టెస్టు ఆటల్లో మొదటిసారి ఈ తప్పు మోపబడినవాడు 1898లో ఆస్ట్రేలియా బౌలరు ఎర్నీ జోన్స్. లంకషైర్ వృత్తి బౌలరు ఆర్థర్ మోల్డ్‌ను 1901లో ఒకే ఆటలో పదహారుసార్లు నోబాల్ అన్నారు. దక్షిణాఫ్రికాకు చెందిన జెఫ్ గ్రిఫిన్ చిన్ననాటి ప్రమాదం వల్ల కుడిచెయ్యి పూర్తిగా చాచలేడు. 1960లో లార్డ్స్ టెస్టులో అతడు హాట్రిక్ సాధించాడు, అదే టెస్టులో పదకొండుసార్లు నోబాల్ కూడా అయ్యాడు. టెస్టు త్వరగా ముగియడంతో జరిపిన సరదా పోటీలో కూడా నోబాల్ అంటూ వుంటే, అతడు విసిగి చివరకు కిందిచేత్తో బంతి వేశాడు. పద్ధతి మారుస్తున్న సంగతి బ్యాట్స్‌మన్‌కు ముందుగా చెప్పలేదని దాన్నీ నోబాల్ అన్నారు. నియమం మనిషిని ఎటూ కదలనివ్వకుండా చేసినప్పుడు ఎలా వుంటుందో ఈ సంఘటన చెబుతుంది. 1963 డిసెంబరులో బ్రిస్బేన్‌లో ఇయాన్ మెకిఫ్‌ను ఒక్క ఓవరులో నాలుగుసార్లు నోబాల్ అంటే అతని ఆట ఆ రోజుతో ముగిసింది. అయితే ఆనాడు ప్రేక్షకులు మెకిఫ్‌ను భుజాల మీద ఎత్తుకున్నారు. మార్ష్‌ను ఎత్తుకోవడానికి భుజాలు లేవు. నియమం అందరి మీదా పడవచ్చు. పడ్డ తర్వాత ఎవరు లేస్తారు, ఎవరు లేవరు అన్నది నియమం నిర్ణయించదు, సమాజం నిర్ణయిస్తుంది.

ఈ కంటితీర్పు లోపాన్ని ఒక బంతితో ఎత్తిచూపినవాడు హైదరాబాదు ఆటగాడు సయ్యద్ ఆబిద్ అలీ. 1968లో న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ టెస్టులో అతని బంతిని విసిరినదని నోబాల్ అన్నారు. ఎదుటి పక్షపు బౌలరు బార్ట్‌లెట్ విసురుతున్నా అంపైర్లు పట్టించుకోవడం లేదన్న నిరసనతో అతడు కావాలనే విసిరాడని క్రీడారచయితలు రాశారు. నియమం ఒకరికే కనిపిస్తున్నదని నిరూపించడానికి నియమాన్ని బాహాటంగా తప్పడం సత్యాగ్రహి పద్ధతి.

1995 డిసెంబరు 26న మెల్బోర్న్ టెస్టులో శ్రీలంక తమిళుడు ముత్తయ్య మురళీధరన్‌ను అంపైరు డారెల్ హెయిర్ ఏడుసార్లు నోబాల్ అన్నాడు. మురళీధరన్ మోచెయ్యి పుట్టుకతోనే పూర్తిగా చాచుకోదు. వంగిన చెయ్యి వంగినట్టే వుంటే అది విసరడం కాదు, చాచితేనే విసరడం. కంటికి ఈ రెంటికీ భేదం తెలియదు. 1996లో విశ్వవిద్యాలయ ప్రయోగశాలల్లో పరీక్షలు జరిపి, అతడు విసురుతున్నట్టు కనిపించేది కంటి భ్రమ అన్నారు. అయినా నింద పోలేదు. 2004లో ఆస్ట్రేలియా ప్రధానమంత్రి జాన్ హోవర్డ్ సైతం అతన్ని చకర్ అన్నాడు. ఆ ఏడే మురళీధరన్ చేతికి కదలకుండా పట్టీ బిగించుకుని కెమెరాల ముందు బంతులు వేసి చూపించాడు. మార్ష్ చేతికి బద్దలు కట్టుకున్న నాటికీ ఈ నాటికీ మధ్య నూరేళ్లు గడిచాయి. మనిషి రోదసికి వెళ్లి వచ్చాడు. నల్లటి చెయ్యి తన నిజాయితీని కట్టు కట్టుకుని నిరూపించుకోవలసిన అవసరం మాత్రం తప్పలేదు.

కాని ఈ ఘట్టంలోనే ఒక ముందడుగు కూడా వుంది. వేగంగా ఫోటోలు తీసే యంత్రాలతో పరిశీలించగా, ఎవరిమీదా అనుమానం లేని బౌలర్ల మోచేతులు కూడా ఎంతో కొంత చాచుకుంటూనే వున్నాయని తేలింది. శతాబ్దంపైగా అక్షరాలా పాటించదగిందిగా భావించిన నియమాన్ని దాదాపు అందరూ తప్పుతూనే వున్నారు. పట్టుబడింది మాత్రం కొందరే. దరిమిలా 2005 మార్చి నుంచి అంతర్జాతీయ క్రికెట్‌లో బౌలర్లందరికీ 15 డిగ్రీల పరిమితి ఏర్పడింది. మామూలు కన్ను పసిగట్టగల హద్దు సుమారుగా అంతేనని దానికి ఆధారం. ఇది మురళీధరన్ కోసం చేసిన సవరణ అని నిందించినవాళ్లున్నారు. ఒకడి మీద మోపిన నేరం అందరిలోనూ వుందని తేలినప్పుడు నియమం మార్చకపోతే, మిగిలేది నియమం కాదు, వివక్ష. 2010లో మురళీధరన్ 800 టెస్టు వికెట్లతో ఆట విరమించాడు.

కొలత వచ్చింది గనుక న్యాయం వచ్చేసిందని సంబరపడనక్కరలేదు. ఎవరిని ప్రయోగశాలకు పంపాలో నిర్ణయించేది ఇప్పటికీ అంపైరు కంటి అనుమానమే. కాని ఒక మార్పు మాత్రం వచ్చింది. నీ చెయ్యి 15 డిగ్రీలు దాటింది, దిద్దుకుని రా అనడానికీ, నువ్వు మోసగాడివి అనడానికీ మధ్య ఎంతో దూరం వుంది. మొదటి మాట పనిని గురించి, రెండవది మనిషిని గురించి. మొదటిదానికి సమాధానం చెప్పుకోవచ్చు, రెండవదానికి చెప్పుకోలేం. న్యాయం ముందుకు నడవడమంటే శీలాన్ని గురించిన తీర్పులు తగ్గి, పనిని గురించిన తీర్పులు పెరగడం.

మిగిలిన ప్రశ్న రెండవది: నియమబద్ధమైనదంతా న్యాయమేనా? 1981 ఫిబ్రవరి 1న మెల్బోర్న్‌లో న్యూజిలాండ్ ఓడకుండా సమంగా నిలవాలంటే చివరి బంతికి ఆరు పరుగులు కావాలి. ఆస్ట్రేలియా కెప్టెను గ్రెగ్ చాపెల్ తన తమ్ముడు ట్రెవర్ చేత కిందిచేత్తో బంతిని నేలమీద దొర్లించాడు. దాన్ని సిక్సర్‌గా లేపడం ఎవరి తరమూ కాదు. ఆ బంతి అప్పటి నియమాల ప్రకారం నూటికి నూరుపాళ్లు సక్రమమైనది. రెండు దేశాల ప్రధానమంత్రులూ దాన్ని ఖండించారు. 1822లో కిందిచేత్తో వెయ్యనందుకు విల్స్ మైదానం వదిలి వెళ్లాడు. 1981లో కిందిచేత్తో వేసినందుకు చాపెల్ సోదరులు లోకం ముందు తలవంచుకున్నారు. 2000 నాటి నియమావళి ప్రకారం, ముందుగా ఒప్పందం లేనిదే, కిందిచేతి బంతి కూడా నోబాలే. ఒకనాడు ఏకైక ధర్మమైనది నేడు అధర్మమైంది.

దీనికి సరిగ్గా ఎదురైన వుదాహరణ 2010 ఆగస్టులో లార్డ్స్‌లో దొరుకుతుంది. పాకిస్తాన్ బౌలర్లు మహమ్మద్ ఆమిర్, మహమ్మద్ ఆసిఫ్ ముందుగా కుదిరిన బేరం ప్రకారం గీత దాటి నోబాల్స్ వేశారు. వాళ్ల చేతులు సక్రమంగానే వున్నాయి. జరిగింది కాలి తప్పు. ఆటలో దానికి శిక్ష ఒక్క పరుగు. కాని 2011 నవంబరులో లండను న్యాయస్థానం వాళ్లిద్దరినీ, కెప్టెను సల్మాన్ బట్‌నూ జైలుకు పంపింది. పల్లెటూరి నుంచి వచ్చిన ఆమిర్‌కు ఆ టెస్టు నాటికి పద్దెనిమిదేళ్లు. అన్ని నోబాల్స్‌లోకీ అమాయకమైనదిగా ఎంచబడే కాలి తప్పే ఇక్కడ అత్యంత నీచమైనదిగా మారింది. గీత మారలేదు, పాదం దాటిన దూరాన్ని బట్టి కూడా కాదు. ఆ అడుగు అమ్ముడుపోయింది.

ఇప్పుడు విల్షర్‌నూ, గ్రెగ్ చాపెల్‌నూ, ఆమిర్‌నూ పక్కపక్కన నిలబెట్టి చూడండి. విల్షర్ నియమం తప్పాడు, ఎవరికీ అన్యాయం చెయ్యలేదు. చాపెల్ నియమం పాటించాడు, అన్యాయం చేశాడు. ఆమిర్ అతిచిన్న నియమం తప్పాడు, అతిపెద్ద అన్యాయం చేశాడు. నియమపుస్తకం ఒక్కదానితో ఈ ముగ్గురినీ విడదీయలేం. విడదీయడానికి మరొక గీటురాయి కావాలి. ఆ గీటురాయి ఇది: ఆ పని ఆటను అందరికీ విస్తృతం చేసిందా, లేక అందరి ఆటనూ కొందరి లాభం కోసం కుదించిందా? విల్షర్ చేసిన పనిని మర్నాటి నుంచి ఎవరైనా చెయ్యవచ్చు. బ్యాట్స్‌మన్ దానికి ఎదురు నేర్చుకోవచ్చు. ఆట పెరిగింది. చాపెల్ దొర్లించిన బంతికి ఎదురు లేదు. అందరూ ఆ పని చేస్తే ఆటే వుండదు. ఆమిర్ వేసిన బంతి ఫలితం వేసేముందే మరొకడి జేబులో వుంది. అక్కడ ఆట అప్పటికే చచ్చిపోయింది. విల్షర్ తన నియమభంగాన్ని పట్టపగలు, అందరి ఎదుటా, తన పేరుతో చేశాడు. ఆమిర్ తన నియమభంగాన్ని పొరపాటులా కనిపించేటట్టు చేశాడు. నియమాన్ని మార్చదలిచినవాడికీ, నియమాన్ని మోసగించదలిచినవాడికీ భేదం ఇక్కడ తెలుస్తుంది. మొదటివాడు నియమం వుండాలనే కోరతాడు, ఇంతకన్న మంచిది వుండాలంటాడు. రెండవవాడికి పాత నియమం వున్నట్టే వుండాలి. లేకపోతే అతని సరుకుకు ధర లేదు.

తీర్పు చెప్పే పని అంపైర్లది మాత్రమే కాదు. పరీక్షాపత్రం దిద్దే అధ్యాపకుడూ, కొత్త కవిత చదివే విమర్శకుడూ, సంఘం సభలో అధ్యక్షస్థానంలో కూర్చున్నవాడూ రోజూ చెయ్యి చాచి ఏదో ఒకదాన్ని నోబాల్ అంటూనే వుంటారు. అనవలసిన సందర్భాలున్నాయి. అనకపోతే ఆట సాగదు. కాని చెయ్యి చాచేముందు మూడు ప్రశ్నలు వేసుకోవడం అవసరం. ఈ నియమం ఎవరి శరీరాన్ని, ఎవరి నాలుకను కొలతగా పెట్టుకుని తయారైంది? నేను చూస్తున్నది తప్పునా, లేక నాకు అలవాటు లేనిదాన్నా? నేను పనిని గురించి మాట్లాడుతున్నానా, మనిషిని గురించా? జాన్ లిల్లీవైట్ దుర్మార్గుడు కాడు. పుస్తకంలో వున్నదాన్నే నమ్మకంగా అమలుపరిచాడు. ఆ పుస్తకంలోని ప్రతి వాక్యం కిందా ఒకనాటి నోబాల్ వుందనీ, అందులో ఒకటి తన తండ్రిదేననీ ఆ క్షణాన ఆయనకు గుర్తుకు రాలేదు, అంతే.